రెండో స్లైడర్ జరిపినా డేటాబేస్‌కి పని ఎందుకు తగ్గదు?

ఫోన్ల యాప్‌లో ధర స్లైడర్‌ని 15,000 నుంచి 20,000 మధ్య పెట్టారు. దాని మీద బ్యాటరీ కూడా 5,000 నుంచి 6,000 ఎంఏహెచ్ అన్నారు. కనిపించే ఫోన్లు తగ్గాయి. వెనకాల ఉన్నది మామూలు రిలేషనల్ డేటాబేస్ అయితే, దాని పని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. "రెండు కాలమ్స్ కలిపి ఇండెక్స్ వేశాంగా!" అంటారు డెవలపర్లు. అసలు తిరకాసు అక్కడే.

మన డేటాబేస్‌లలో ఎక్కువగా వాడేది బి-ట్రీ ఇండెక్స్. బోయింగ్‌లో పనిచేస్తూ రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ తయారుచేసిన డిజైన్ ఇది. ఇది అన్నిటినీ ఒకే వరసలో పేరుస్తుంది. మీ కాంటాక్ట్స్‌ని ముందు ఇంటిపేరు, తర్వాత పేరు వరసలో పెట్టారనుకోండి. ఇంటిపేరు "కొండా", పేరు "ర"తో మొదలవ్వాలంటే నేరుగా అక్కడికే వెళ్లిపోవచ్చు. అదే ఇంటిపేరు "క" నుంచి "మ" దాకా ఏదైనా ఫర్వాలేదంటే? ప్రతి ఇంటిపేరు కిందా పేర్లు మళ్లీ "అ" నుంచే మొదలవుతాయి. "ర" పేర్లు ఒకచోట లేవు, అన్నిచోట్లా చెల్లాచెదురుగా ఉన్నాయి. మొత్తం తిరగేయాల్సిందే.

ధర, బ్యాటరీ ఇండెక్స్ కథా ఇదే. ధర రేంజ్‌తో మొదలుపెట్టాక, బ్యాటరీ షరతు వెతికే చోటుని కుదించదు. చదివినవాటిలో పనికిరానివి పక్కన పెట్టడానికే పనికొస్తుంది. అదీ చిన్న లాభం కాదు. మైఎస్‌క్యూఎల్ 5.6 నుంచి ఈ వడపోత ఇండెక్స్ దగ్గరే చేయగలదు, టేబుల్ దాకా వెళ్లే ట్రిప్పులు తగ్గుతాయి.

అందుకే కాలమ్స్ వరస ముఖ్యం. బ్రాండ్‌లాగా "ఇదే కావాలి" అనే కాలమ్ ముందు, ఎక్కువ వరసల్ని కొట్టేసే రేంజ్ దాని తర్వాత. పోస్ట్‌గ్రెస్ అయితే రెండు విడి ఇండెక్స్‌లు చదివి, బిట్‌మ్యాప్‌లతో రెండింట్లోనూ ఉన్నవే ఉంచగలదు. కానీ రెండు రేంజ్‌లూ వెడల్పుగా ఉంటే రెండుసార్లు చాకిరీ.

నిజంగా రెండు వైపుల నుంచీ కుదించాలంటే ఆర్-ట్రీ ఉంది, 1984లో ఆంటోనిన్ గుట్‌మన్ ఇచ్చినది. ప్రతి ఫోన్‌నీ ధర ఒక అక్షం, బ్యాటరీ ఇంకో అక్షంగా ఉన్న మ్యాప్‌లో చుక్కలా చూస్తుంది, దగ్గరి చుక్కల్ని పెట్టెల్లో సర్దుతుంది. మీ రేంజ్‌ని తాకని పెట్టెని తెరవనే తెరవదు. ఎస్‌క్యూలైట్‌లో దీనికి మాడ్యూల్ ఉంది, 5 డైమెన్షన్ల వరకు. నన్నడిగితే వేలల్లో రోలున్న యాప్‌కి ఇది అనవసరం, లక్షల్లోకి వెళ్లాక ఆలోచించండి.

ముందు ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ కొట్టి చూడండి. ఇండెక్స్ పేరు పక్కన బ్రాకెట్‌లో ధర ఒక్కటే కనిపించి బ్యాటరీ లేకపోతే, వెతుకులాటకి మీ రెండో కాలమ్ సాయం చేయడం లేదన్నమాట.