గొలుసు చక్రముల పండ్లు: బండి వేగము, లాగుబలము

హైదరాబాదు చుట్టుపట్ల గ్రామములలో పాలక్యానులను, కూరగాయల గంపలను పట్టణమునకు చేర్చుటకు కర్షకులు పెక్కురు నేడు చిన్న మోటారుసైకిళ్లనే వాడుచున్నారు. తెల్లవారుజామున బురదబాటను బయలుదేరిన బండియే ప్రొద్దెక్కునప్పటికి గాంధీనగరు, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు వీధులలో తిరుగవలసియుండును. పొలముగట్టున బండి లాగుటలేదని యొకరును, పెద్దబాటపై వేగము చాలదని వేరొకరును చెప్పగా, “స్ప్రాకెట్టు మార్చిన సరిపోవును” అని మెకానిక్కులు సలహా నిచ్చుట కలదు. ఆ సలహా ఎప్పుడు మేలుచేయునో, ఎప్పుడు డబ్బు దండుగ యగునో సభ్యులు తెలిసికొనుట యవసరము.

స్ప్రాకెట్టు అనగా నేమి?

గొలుసును పట్టి నడుపుటకై అంచున పండ్లు గల చక్రమే స్ప్రాకెట్టు. మోటారుసైకిలునకు ఇట్టివి రెండు. గేరుపెట్టె ఇరుసున చిన్నదియు, వెనుక చక్రమున పెద్దదియు నుండును. సైకిలులో దీనికి విపర్యము. 1885లో ఇంగ్లండున స్టార్లీ ‘రోవర్’ సైకిలును వెలువరించిన నాటినుండి స్థిరపడిన పద్ధతిలో, తొక్కుడు వద్ద పెద్దచక్రమును వెనుక చిన్నచక్రమును కలవు. ఏలయన, మనుష్యుని కాళ్లు మెల్లగా తిరుగును, ఇంజను నిమిషమునకు వేలకొలది పర్యాయములు తిరుగును. కాళ్లకు వేగమును కలుపవలెను. ఇంజను వేగమును తగ్గించి బలముగా మార్చవలెను.

రాట్నమును చూచిన ఈ సూత్రము తేటపడును. పెద్దచక్ర మొకమారు తిరుగగా కదురు అనేక మారులు తిరుగును. కాని ఆ కదురును వ్రేలితో ఆపవచ్చును. వేగము హెచ్చినచోట బలము తగ్గును, బలము హెచ్చినచోట వేగము తగ్గును. రెంటిని ఒక్కసారి పెంచు చక్రము లేదు.

లెక్క చూడుడు

ముందు 14 పండ్లు, వెనుక 42 పండ్లు గల బండి నొకదానిని తీసికొందము. 42ను 14చే భాగింపగా 3 వచ్చును. అనగా ముందుచక్రము 3 మారులు తిరిగిన వెనుకచక్ర మొకమారు తిరుగును. పై గేరులో ముందుచక్రము నిమిషమునకు 2,100 మారులు తిరుగుచున్నదనియు, వెనుకచక్రపు చుట్టుకొలత 1.8 మీటర్లనియు అనుకొనిన, చక్రము 700 మారులు తిరిగి బండి గంటకు 75.6 కిలోమీటర్లు పోవును.

ముందుచక్రమును 13 పండ్లదానిగా మార్చిన, ఇంజను అదే వేగమున తిరుగుచుండగా బండి 70.2 కిలోమీటర్లే పోవును. కాని వెనుకచక్రమును త్రిప్పు బలము నూటికి సుమారు 8 వంతులు పెరుగును. అందుచే బండి నిలిచినచోటనుండి త్వరగా కదలును, బరువుతో గట్టెక్కును. 15 పండ్లు వేసిన లెక్కకు 81 కిలోమీటర్లు వచ్చును. లాగుబలము నూటికి 7 వంతుల వరకు తగ్గును. ముందు ఒక పన్ను తగ్గించుటయు, వెనుక మూడు పండ్లు హెచ్చించి 45 చేయుటయు దాదాపు సమానములు.

అయినను 81 అనునది కాగితముపై లెక్కయే. వేగము పెరుగుకొలది గాలి యెదురొత్తిడి మిక్కిలిగా పెరుగును. చిన్న ఇంజను దానిని త్రోయజాలనిచో పెద్దచక్రము వేసినను వేగము పెరుగదు, ఒక్కొక్కప్పుడు తగ్గును.

ఎవరికేది తగును?

మట్టిబాటలకై చేయు చిన్న బండ్లకు వేగముకంటె లాగుబలమే ముఖ్యము. హీరో సంస్థ 2011లో ఇంపల్సును, 2019లో ఎక్స్‌పల్స్ 200ను ఇట్టి బాటలను దృష్టియందుంచుకొని విడుదల చేసెను. దున్నిన నేల, ఇసుక, బురద, నిండు క్యానులు గలవారికి ముందు ఒక పన్ను తగ్గించుట మేలు. నారాయణగూడ చౌరస్తావంటి చోట్ల మాటిమాటికి ఆగి కదలువారికిని అది క్లచ్చుపై శ్రమను తగ్గించును. దినమునకు ముప్పది నలుబది కిలోమీటర్లు రహదారిపై పోవువారికి మాత్రము నష్టము. ప్రతి కిలోమీటరునకు ఇంజను హెచ్చుగా తిరుగును గావున పెట్రోలు ఖర్చును, చప్పుడును, అరుగుదలయు పెరుగును.

మార్చుటకు ముందు విచారింపవలసినవి

బండి లాగకుండుటకు స్ప్రాకెట్టే కారణమని తలంపరాదు. టైర్లలో గాలి తగ్గుట, గొలుసు ఎండిపోవుట, బ్రేకు పట్టియుండుట, క్లచ్చు అరుగుట, గాలిజల్లెడ దుమ్ముతో నిండుట అను అయిదింటిని ముందు చూడవలెను. వీనిలో కొన్ని ఖర్చులేకయే సరిపడును.

మార్చదలచినవారు మొదట ముందుచక్రమునే మార్చి చూచుట చవుక. కాని మిక్కిలి చిన్నచక్రము వలదు. గొలుసు ఎక్కువ వంపు తిరిగి, కొద్ది పండ్లపైననే భారము పడి త్వరగా అరుగును. అరిగిన గొలుసును క్రొత్తచక్రమునకు తగిలింపరాదు. రెండు చక్రములను, గొలుసును ఒక్కసారి మార్చుట మంచిది. వెనుకచక్రము పెంచినచో గొలుసు పొడవు చాలునో లేదో చూడవలెను. వేగసూచిక గేరుపెట్టెనుండి నడచు బండ్లలో, ముందుపండ్లు తగ్గించిన సూచిక ఉన్నదానికంటె హెచ్చు చూపును. గ్యారంటీ కాలమున్నచో అమ్మినవారి నడిగి మార్చవలెను.

నమోదు లేని ఆటబండ్లను సర్కారు బాటలపై నడుపుట 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధము. ఇంజను నడచుచుండగా గొలుసును తుడుచుట మిక్కిలి అపాయకరము. గుడ్డతోపాటు వ్రేళ్లును పండ్లలో చిక్కి తెగును. ఈ సంగతి ఇంటిలోని పిల్లలకు తప్పక చెప్పవలెను.

తుదకు, పాతచక్రమును పారవేయక దానిపై పండ్ల సంఖ్య వ్రాసి భద్రపరుపుడు. పది దినములు పొలమునను, పట్టణమునను నడిపి, పెట్రోలు ఖర్చు వ్రాసికొని చూచిన పిమ్మట, క్రొత్తది తగదని తోచినచో పాతదానిని మరల బిగింపవచ్చును.