కంటికి పెడితే చెవికి పడే ఫోకస్

పాప కంటి మీద ఫోకస్ చుక్క పెట్టి ఫొటో తీశారు. పెద్దది చేసి చూస్తే కన్ను మసక, చెవి జూకా మాత్రం తళతళ. చెయ్యి కదిలిందేమో అనుకుంటాం. చెయ్యే కదిలితే జూకా కూడా చెదరాలి కదా!

డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్‌లోంచి తీసేటప్పుడు ఫోకస్ చూసే సెన్సర్ వేరు, బొమ్మ పట్టే సెన్సర్ వేరు. మొదటిది అద్దం కింద, కెమెరా అడుగున ఉంటుంది. లెన్స్ నుంచి రెండింటికీ వెలుగు నడిచే దూరం సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ ముందుకో వెనక్కో జారుతుంది. ఎఫ్ 8లో తీస్తే ఇది చాలావరకు కనబడదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 85 ఎంఎం లెన్స్ పెట్టి, ఎఫ్ 1.8లో, మీటరున్నర దూరం నుంచి తీస్తే మాత్రం స్పష్టంగా వచ్చే మేర సుమారు 3 సెంటీమీటర్లే.

సర్దే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. పగటి వెలుగులో కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, గోడకు అంటించిన దినపత్రికను వ్యూఫైండర్‌లో ఒకసారి, లైవ్ వ్యూలో ఒకసారి ఫోకస్ చేసి తీయండి. లైవ్ వ్యూలో బొమ్మ పట్టే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది, అద్దంతో పని లేదు. రెండూ ఒకేలా స్పష్టంగా ఉంటే ఏదీ సర్దక్కర్లేదు. లైవ్ వ్యూలోనూ అక్షరాలు అలికినట్టుంటే అది మెకానిక్ చూడాల్సిన లెన్స్.

వ్యూఫైండర్ ఫొటో మాత్రమే మసకైతే, ఫోకస్ ఎటు జారుతోందో స్కేలుతో చూడాలి. చాలామంది పొరబడేది ఈ స్కేలు దగ్గరే. ఏటవాలుగా పెట్టిన స్కేలు మీదే ఫోకస్ చేస్తారు. వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న గడి కన్నా సెన్సర్ చూసే మేర పెద్దది. మీరు 15వ గీత అనుకుంటే అది 13ను పట్టుకోవచ్చు. అందుకే పత్రిక ముక్క అంటించిన అట్టపెట్టెను కెమెరాకు ఎదురుగా నిలబెట్టి, దాని మీద ఫోకస్ చేయాలి. స్కేలు పక్కన ఏటవాలుగా ఉంటుంది, ఫలితం చదువుకోవడానికే. దాని సున్నా గీత పెట్టె ముఖంతో సమంగా ఉండాలి. 50 ఎంఎం లెన్స్‌కి 2 మీటర్ల దూరం బాగుంటుంది. అపర్చర్ పూర్తిగా తెరవండి, మధ్య చుక్కే వాడండి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. ప్రతి ఫొటోకి ముందు ఫోకస్ రింగు తిప్పి చెడగొట్టి, మళ్లీ ఫోకస్ చేయించండి. ఒక్క ఫొటో మాట నమ్మకండి. ఏడెనిమిది తీసి, ఎక్కువసార్లు ఎటు జారిందో చూడండి.

ఈ జారుడును సర్దే అమరిక నికాన్‌లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్, కెనాన్‌లో ఏఎఫ్ మైక్రోఅడ్జస్ట్‌మెంట్ అని మెనూలో ఉంటుంది, మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా. చవక మోడళ్లలో చాలావాటికి ఇది ఉండదు. వాటికి లైవ్ వ్యూయే దిక్కు. ఫోకస్ ముందుకు పడుతుంటే ప్లస్, వెనక్కి పడుతుంటే మైనస్. ఐదైదు చొప్పున మార్చి, దగ్గరపడ్డాక ఒక్కొక్కటిగా జరపండి.

సరిపడ్డ అంకెను ఎక్కడైనా రాసి పెట్టుకోండి. అది ఆ కెమెరాకీ ఆ లెన్స్‌కీ కుదిరిన లెక్క. అదే లెన్స్‌ను వేరే కెమెరాకి బిగిస్తే మళ్లీ సున్నా నుంచే.