ధుం... ధుం... ఈ మోత ఎక్కడిది?

అంబర్‌పేటలో ఒక ఇల్లు అనుకోండి. మేడ మీద పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గది. అటక మీద ఏళ్ల తరబడి దుమ్ము పట్టి ఉన్న తాతగారి రికార్డులను కిందికి దించారు. వాటి కోసం ఒక రికార్డ్ ప్లేయరు, ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు సంపాదించారు. స్థలం చాలదు కనుక స్పీకర్లను రెండు మూలల్లోకి నెట్టారు. ప్లేయరును ఒక స్పీకరు పెట్టె మీదనే కూర్చోబెట్టారు. పాత సినిమా పాటల రికార్డు తిరగడం మొదలైంది. పాట వచ్చింది గాని, గాయకుడి గొంతు బావిలోంచి వస్తున్నట్లుంది. తబలా మాట దేవుడెరుగు, డగ్గా ఒక్కటే గదంతా నిండిపోయింది. కిటికీ రెక్కలు దడదడలాడుతున్నాయి. కింది వాటాలో ఉండే పిన్నిగారు మెట్లెక్కి వచ్చి, "ఏం దంచుతున్నార్రా పైన?" అని అడిగారు.

మీరైతే ఏం చేస్తారు? చాలామంది చెయ్యి వెంటనే ఆంప్లిఫయరు మీది 'బేస్' నాబ్ మీదికి పోతుంది. దాన్ని ఎడమకు తిప్పేస్తారు. మోత తగ్గుతుంది, నిజమే. దానితోబాటు పాటలోని నిండుదనం కూడా పోతుంది. జ్వరం వచ్చిందని థర్మామీటరును చన్నీళ్లలో ముంచినట్లే ఇదీను! మోత ఎక్కడ పుడుతోందో తెలియకుండా దాన్ని అణచాలని చూడడం దండగ. కొత్త స్పీకర్లు కొనడం ఇంకా పెద్ద దండగ.

ముందుగా మోత పుట్టిల్లు కనుక్కుందాం.

రెండే పరీక్షలు

మొదటి పరీక్షకు ఒక సెల్‌ఫోను చాలు. ఆంప్లిఫయరు కట్టేసి, ఫోనును తీగతో దాని 'ఆక్స్' సాకెట్టుకు కలపండి. మళ్లీ వేసి, అదే పాటను అదే స్పీకర్లలో, అంతే గట్టిగా వినండి. మోత లేదా? అయితే దోషం ప్లేయరు వైపు ఉంది. మోత అలాగే ఉందా? అయితే ప్లేయరు నిర్దోషి. స్పీకర్లను, గదిని అనుమానించాలి.

రెండో పరీక్షకు కాళ్లు చాలు. పాట నడుస్తుండగా గదిలో మెల్లగా తిరగండి. మూలకు వెళ్లి నిలబడండి. గోడకు చెవి ఆనించండి. గది నడిమధ్యకు రండి. ఒకచోట చెవులు అదిరిపోయి, మరోచోట ఆ మోత దాదాపు మాయమైతే, ఆ పని గదిదే. ఆంప్లిఫయరుకు మీరెక్కడ నిలబడ్డారో తెలియదు కదా!

ఇక్కడ ఒక్క నియమం పాటించాలి. ఒకసారి ఒక్కదాన్నే మార్చండి. సూదిని, స్పీకరు చోటును, నాబ్‌ను ఒకేసారి మార్చేస్తే మోత పోయినా ఎందుకు పోయిందో మీకు తెలియదు. మీ ప్రయోగశాలలో మాస్టారు చెప్పే మాటే ఇది.

ఏడేళ్లు నలభై తొమ్మిది

దోషం ప్లేయరు వైపు ఉందని తేలిందనుకోండి. రికార్డు గాడిలో సూది అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగులాటే విద్యుత్తుగా మారి స్పీకరుకు చేరుతుంది. మంద్ర స్వరాలకు, అంటే తక్కువ పౌనఃపున్యం గల ధ్వనులకు, ఆ ఊగు వెడల్పు ఎక్కువ కావాలి. ఉన్నదున్నట్లు చెక్కితే గాళ్లు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, లేదా ఒక పక్క పట్టే పాటలు సగానికి సగం తగ్గిపోతాయి. అందుచేత రికార్డు తయారు చేసేటప్పుడే మంద్ర స్వరాలను తగ్గించి, కీచు స్వరాలను పెంచి చెక్కుతారు. వినేటప్పుడు ఆంప్లిఫయరులోని ఒక భాగం దీన్ని తిరగేసి సరిచేస్తుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి 1954లో అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘం ఒక కొలత నిర్ణయించింది. తర్వాత లోకమంతా దాన్నే పాటించింది. అంతకు ముందరి 78 వేగం రికార్డుల కొలతలు వేరు. వాటిని ఇదే ఆంప్లిఫయరులో వింటే స్వరాల పాళ్లు కొంత తప్పడం సహజం.

ఆ కొలత ప్రకారం, 1000 హెర్ట్జ్ స్వరంతో పోలిస్తే 50 హెర్ట్జ్ స్వరపు వోల్టేజిని ఆంప్లిఫయరు సుమారు 7 రెట్లు పెంచాలి. 10,000 హెర్ట్జ్ స్వరాన్ని దాదాపు అయిదో వంతుకు తగ్గించాలి. ఇప్పుడు వస్తున్న చాలా ప్లేయర్లలో ఈ సరిచేసే భాగం లోపలే ఉంటుంది. వెనక 'ఫోనో', 'లైన్' అని ఒక చిన్న మీట కూడా ఉంటుంది. మీటను 'లైన్' వైపు ఉంచి, తీగను ఆంప్లిఫయరులోని 'ఫోనో' సాకెట్టులో గుచ్చారనుకోండి. ఏమవుతుంది? ఒకే మందు రెండుసార్లు పడుతుంది! 50 హెర్ట్జ్ స్వరం 7 రెట్లు పెరిగి, మళ్లీ 7 రెట్లు, అంటే 49 రెట్లు అవుతుంది. కీచు స్వరాలు అయిదో వంతులో అయిదో వంతుకు పడిపోతాయి. గొంతు బావిలోంచి రాక ఏం చేస్తుంది? ఇది దిద్దడానికి పైసా ఖర్చు లేదు. మీటను 'ఫోనో'కు మార్చండి, లేదా తీగను 'ఆక్స్'లో పెట్టండి. రెంటిలో ఒక్కటే చేయాలి సుమా!

ఆంప్లిఫయరు మీద 'లౌడ్‌నెస్' అనే మీట ఉంటే అది కూడా చూడండి. శబ్దం తగ్గినకొద్దీ మన చెవికి మంద్ర స్వరాలు మిగతావాటికన్నా త్వరగా వినిపించకుండా పోతాయి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి చూపారు. మెల్లగా వినేటప్పుడు ఆ లోటు పూడ్చడానికే ఆ మీట. గట్టిగా వినేటప్పుడు అది నొక్కి ఉంటే మోతే.

మీ ఇంట్లో భూకంప లేఖిని

అంబర్‌పేట నుంచి రామంతాపూర్ మీదుగా ఉప్పల్ చేరి, అక్కడినుంచి హబ్సిగూడ వైపు మళ్లితే దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కనిపిస్తుంది. 1961లో స్థాపించారు. అందరూ ఎన్.జి.ఆర్.ఐ. అంటారు. మెట్రో స్టేషనుకు కూడా అదే పేరు. భూకంపాలను కనిపెట్టడం అక్కడ జరిగే పనుల్లో ఒకటి. అందుకు వాడే భూకంప లేఖినిలో సూత్రం చాలా తేలిక. స్ప్రింగుకు ఒక బరువును కడతారు. నేల చటుక్కున కదిలితే బరువు తన జడత్వం వల్ల ఉన్నచోటే ఉండిపోతుంది. నేలకు, బరువుకు మధ్య వచ్చిన తేడాను కొలుస్తారు.

మీ రికార్డ్ ప్లేయరు కూడా అచ్చంగా అదే! సూదిని మోసే చెయ్యి బరువు. సూదిని పట్టుకున్న మెత్తని అమరిక స్ప్రింగు. గాడి సూదిని కదిలిస్తుంది, చెయ్యి కదలకుండా ఉంటుంది, ఆ తేడాయే పాట. అయితే సూదికి పాట కదలిక ఏదో, బల్ల కదలిక ఏదో తెలియదు. ఏది కదిలినా పాటే అనుకుంటుంది.

మన కథలో ప్లేయరు స్పీకరు పెట్టె మీద ఉంది. స్పీకరు అదిరితే పెట్టె, పెట్టెతోబాటు ప్లేయరు, ప్లేయరుతోబాటు సూది అదురుతాయి. ఆ అదురు ఆంప్లిఫయరుకు పోయి, పెరిగి, మళ్లీ స్పీకరుకే వస్తుంది. సభల్లో మైకు కూతపెట్టడం విన్నారు కదా? ఇది అదే. కాకపోతే మంద్ర స్థాయిలో హూంకరిస్తుంది. పరీక్షించాలంటే మోటారు ఆపి, కదలని రికార్డు మీద సూదిని దించండి. శబ్దం బాగా తక్కువగా ఉంచి, కొద్దికొద్దిగా పెంచుతూ బల్లను వేలితో తట్టండి. తట్టు స్పీకరులో 'ధబ్బు'మని వినిపించి ఆగక సాగుతుంటే, లేదా హుం అనే మోత దానంతటదే పెరుగుతుంటే దొంగ దొరికినట్లే. వెంటనే శబ్దం తగ్గించేయండి. ప్లేయరును స్పీకరుకు దూరంగా, ఊగని బల్ల మీద, వీలైతే గోడకు బిగించిన రాతి అరమీద పెట్టండి.

ఇంకో వింత కూడా చూడవచ్చు. కొన్ని రికార్డులు ఎండకు కాస్త వంకర తిరుగుతాయి. ఎల్.పి. నిమిషానికి 33⅓ చుట్లు, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. ఆ లయలో స్పీకరు కోను ముందుకూ వెనక్కూ పెద్దగా ఊగడం కంటికి కనిపిస్తుంది, చెవికి ఏమీ వినిపించదు! అది సంగీతం కాదు. స్పీకరుకు వృథా శ్రమ.

అసలు వాద్యం గదే

ఇవన్నీ సరిచేశారు. ఫోనుతో విన్నా మోత ఉంది. అడుగులు మార్చితే మోత మారుతోంది. అంటే అసలు సంగతికి వచ్చామన్నమాట. తక్కువ స్వరాల దగ్గర మీ ఇంట్లోని అతి పెద్ద వాద్యం మీ గదే.

ఒక వెడల్పాటి తొట్టిలో సగం నీళ్లు పోసి, అరచేత్తో మెల్లగా నెట్టి వదులుతూ ఉండండి. ఒక ప్రత్యేకమైన లయలో నెట్టినప్పుడు నీళ్లు ఒక అంచున లేచి, రెండో అంచున దిగుతూ, తొణికేటంత ఊగుతాయి. అంచుల దగ్గర హెచ్చుతగ్గులు ఎక్కువ, నడుమ దాదాపు లేనే లేవు. వేరే లయలో నెడితే ఇంత ఊగవు. ఇదే అనునాదం. గదిలో గాలి కూడా ఇలాగే ఊగుతుంది. నీటిమట్టం బదులు గాలి పీడనం మారుతుంది. గోడల దగ్గర మోత ఎక్కువగాను, నడుమ తక్కువగాను ఉండడానికి కారణం ఇదే.

ఆ ప్రత్యేకమైన పౌనఃపున్యం ఎంతో లెక్క కట్టడం సులువు. ధ్వని వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే చాలు. మన ఎండల్లో, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ధ్వని వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. పది అడుగులంటే 3.05 మీటర్లు. 349ని 6.1తో భాగిస్తే సుమారు 57 హెర్ట్జ్ వస్తుంది. పొడవు పది అడుగులు, వెడల్పు పది అడుగులు. మరి ఎత్తు? స్లాబు ఎత్తు కూడా చాలా ఇళ్లలో ఇంచుమించు పది అడుగులే! మూడు దిక్కులా ఒకే స్వరం మీద గాలి ఊగుతుంది. బేస్ గిటారులో 'ఎ' తీగ స్వరం 55 హెర్ట్జ్. ఆ తీగ మోగినప్పుడల్లా గది కూడా గొంతు కలుపుతుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది అయితే కొంత నయం. ఒక దిక్కు 48 హెర్ట్జ్‌కు మారి, మోత రెండు స్వరాలకు పంచబడుతుంది.

బేస్ నాబ్ ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమైందా? గది పెంచేది ఒకటి రెండు స్వరాలను. నాబ్ తగ్గించేది కింది స్వరాలన్నిటినీ. కొందరు ఒక స్పీకరుకు తీగలు తారుమారు చేసి "తగ్గిపోయింది చూడు" అంటారు. తగ్గుతుంది మరి! ఒక కోను ముందుకు వస్తే రెండోది వెనక్కు పోయి, ఒకదాని మంద్ర ధ్వనిని మరొకటి మింగేస్తుంది. అది వైద్యం కాదు.

పెంకుటిళ్లలో ఈ బెడద ఇంత లేదు. పెంకుల సందుల్లోంచి మంద్ర ధ్వని బయటికి పారిపోయేది. అమెరికాలో చెక్క చట్రం ఇళ్ల పలుచని గోడలు అదిరి కొంత శక్తిని మింగేస్తాయి. అందుచేత అక్కడివారు రాసిన సలహాలు మనకు అన్నీ పనికిరావు. ఇటుక గోడ, సిమెంటు పూత, స్లాబు, కింద షాబాదు బండలు. మన గదిలో ధ్వనికి మెత్తని చోటే లేదు.

కోడిగుడ్ల అట్టలు గోడకు అతికిస్తే పోతుందని మీ స్నేహితుడెవరో చెబుతాడు. నమ్మకండి. 57 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 6 మీటర్ల పైమాట. అంగుళం మందం అట్ట దానికి అడ్డమే కాదు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శాబిన్ అనే ఆచార్యుడు మాటలు కలిసిపోయి వినిపించే ఒక ఉపన్యాస మందిరంలోకి నాటకశాల కుర్చీల దిండ్లు మోయించి, ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. మాటల స్థాయికి దిండ్లు చక్కగా పనిచేశాయి. డగ్గా స్థాయికి అంతకన్నా చాలా మందం కావాలి. రెండు దూది పరుపులను చుట్టి మూలల్లో నిలబెడితే కొంత గుణం కనిపిస్తుంది. తలుపు తెరిచి చూడండి, అది కూడా కొంత మేలు చేస్తుంది. కాని అప్పుడు వీధి వింటుంది. బోనాల పండుగకు వీధి చివర పెట్టిన పెద్ద బాక్సుల్లోంచి మీ గదిలోకి పాట రాదు, ధుంధుం మాత్రమే వస్తుంది కదా? కీచు స్వరాలను గోడ ఆపగలదు, మంద్ర స్వరాలు దాన్ని దాటిపోతాయి. పిన్నిగారికి వినిపించింది కూడా అంతే.

అన్నిటికన్నా మంచి మందు చోటు మార్చడం. మూలలో ఉన్న స్పీకరు రెండు గోడల నుంచి, నేల నుంచి తిరిగివచ్చిన ధ్వనిని కూడా కలుపుకొని మోగుతుంది. అడుగున్నర ముందుకు లాగినా తేడా తెలుస్తుంది. మీరు కూర్చునే కుర్చీని గోడకు ఆనించకండి, సరిగ్గా నడుమ కూడా వేయకండి.

సరైన చోటు వెతకడానికి ఒక సరదా పద్ధతి ఉంది. ధ్వని ఇక్కడినుంచి అక్కడికి ఎలా పోతుందో, అక్కడినుంచి ఇక్కడికీ అలాగే వస్తుందని 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్, రేలీ నిరూపించారు. కనుక ఆంప్లిఫయరు కట్టేసి, ఒక స్పీకరును మీ కుర్చీలో కూర్చోబెట్టండి. డగ్గా బాగా వినిపించే పాట వేసి, గోడల వెంబడి మీరే దోగాడండి. తలను స్పీకరు ఉండే ఎత్తులో ఉంచుతూ చెవి పెట్టండి. ఎక్కడ డగ్గా దెబ్బలన్నీ ఒకే తీరుగా, విడివిడిగా వినిపిస్తాయో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. స్పీకరును అక్కడికి మార్చి, మీరు కుర్చీలోకి వెళ్లండి. రెండో స్పీకరుకు కూడా అలాగే చేయండి. ఇల్లు ఊడ్చేవారికి చెప్పి ఉంచండి, లేకపోతే సుద్ద గుర్తులు మర్నాటికి ఉండవు.