టీఎస్‌హెచ్‌ తగ్గలేదని మాత్ర మానొద్దు

‘పదిహేను రోజులు మాత్ర వేసుకున్నా. మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్‌ ఎక్కువే ఉంది. ఇక పనిచేయదని మానేశాను డాక్టర్‌ గారూ..’ మా ఓపీలో ఇలాంటి మాట తరచూ వింటుంటాను. వీరిలో కొందరు నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బటం వంటివి ముదిరాక మళ్లీ వస్తుంటారు. మాత్ర పనిచేయక కాదు, పరీక్ష మరీ తొందరగా చేయించుకోవటం వల్ల వచ్చిన చిక్కిది.

టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది థైరాయిడ్‌ కాదు. మెదడు అడుగున బఠానీ గింజంత ఉండే పీయూష గ్రంథి. రక్తంలోని టీ4 హార్మోన్‌ ఈ గ్రంథి కణాల్లోకి వెళ్లి, టీ3గా మారుతుంది. అది కణ కేంద్రకంలోని గ్రాహకాలకు అంటుకుంటుంది. దీంతో టీఎస్‌హెచ్‌ను తయారుచేయించే జన్యువుల జోరు తగ్గుతుంది. హార్మోన్‌ తగ్గితే ఈ అదుపు సడలుతుంది. జన్యువులు చురుకై టీఎస్‌హెచ్‌ పెరుగుతుంది. హార్మోన్‌ కొద్దిగా తగ్గినా టీఎస్‌హెచ్‌ చాలా ఎక్కువగా పెరగటానికి కారణం ఇదే.

మనం వేసుకునే లివోథైరాక్సిన్‌ మాత్ర టీ4 హార్మోనే. రక్తంలో దీని మోతాదు సగానికి తగ్గటానికి సుమారు 7 రోజులు పడుతుంది. కాబట్టి రోజూ వేసుకుంటున్నా స్థాయులు నిలకడగా కుదురుకోవటానికి 5-6 వారాలు పడుతుంది. పీయూష గ్రంథి కణాలు సర్దుకోవటానికీ సమయం కావాలి. అందుకే మాత్ర మొదలెట్టినా, మోతాదు మార్చినా 6-8 వారాల తర్వాతే పరీక్ష చేయించుకోవాలి. తొందరపడి సొంతంగా మోతాదు పెంచుకుంటే గుండెదడ, గుండె లయ తప్పటం వంటి ముప్పులుంటాయి.

ఇవి గుర్తుంచుకోండి

* మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకు కాఫీ, టీ, టిఫిన్‌ వద్దు.

* ఐరన్‌, క్యాల్షియం మాత్రలకు కనీసం 4 గంటల ఎడం ఉండాలి.

* జుట్టు కోసం బయోటిన్‌ మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. ఇవి పరీక్ష ఫలితాలను తారుమారు చేయొచ్చు.

* గర్భం ధరించినట్టు తెలియగానే డాక్టర్‌ను కలవండి. చాలామందికి మోతాదు పెంచాల్సి వస్తుంది. మాత్ర మానితే బిడ్డకూ ప్రమాదమే.

* కాన్పు సమయంలో తీవ్ర రక్తస్రావమైనా, పీయూష గ్రంథికి ఆపరేషన్‌ జరిగినా టీఎస్‌హెచ్‌ ఒక్కటే నమ్మొద్దు. ఫ్రీ టీ4 కూడా చూడాలి.

టీఎస్‌హెచ్‌ నార్మల్‌కు వచ్చిందనీ మాత్ర ఆపొద్దు. ఆ జన్యువులను అదుపులో ఉంచుతున్నది మీరు రోజూ వేసుకుంటున్న ఆ చిన్న మాత్రే. మానాలా, తగ్గించాలా అన్నది డాక్టర్‌ను అడిగే నిర్ణయించుకోండి.