ఆదివారం వండిన చేపల పులుసు బుధవారం తినాలంటే

నేను అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. 1977లో బదిలీ కూలీగా మిల్లులో చేరి, నలభై ఏళ్ళు రింగు ఫ్రేముల మధ్య నడిచి రిటైరయ్యాను. ఇప్పుడు ఇంట్లో నా డ్యూటీ రెండే రెండు. ఆదివారం చేపలు తేవాలి. తెచ్చినవి పొలుసు తీసి కడిగివ్వాలి.

పోయిన నెల మా వీధిలో ఒక చెల్లెమ్మ అడిగింది. "అన్నా, మాకిద్దరికీ షిఫ్టులు. ఆదివారం ఒక్కరోజే వండే తీరిక. చేపల పులుసు ఎక్కువగా వండి ఫ్రీజర్లో పెట్టుకుని వారంలో తినొచ్చా? ఆరోగ్యానికి చెడ్డదంటున్నారే?" అని. తినొచ్చు తల్లీ అన్నాను. కానీ ఎలా పెట్టాలి, ఎలా కాచాలి అన్నది నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. మా ఇంట్లో ఒకసారి దెబ్బ తగిలాకే నాకూ తెలిసింది. అందుకే రాస్తున్నాను.

మనకు సముద్రం లేదు

మన పెద్దలు కోయంబత్తూరులో స్థిరపడి ఎన్నో తరాలైంది. ఇక్కడ మొదటి నూలు మిల్లు 1888లో వచ్చింది. 1930ల్లో పైకారా కరెంటు వచ్చాక పీళమేడు, సింగానల్లూరు వైపంతా మిల్లులు లేచాయి. మధురైలో హార్వీ మిల్లు 1892లో మొదలైంది. ఊళ్ళు రెండూ మంచివే, కూడు పెట్టినవే. కానీ రెంటికీ సముద్రం లేదు.

మన ఉక్కడం బజారుకు వచ్చే సముద్రపు చేప కేరళ రేవుల నుంచో, రామేశ్వరం, తూత్తుకుడి వైపు నుంచో రాత్రంతా లారీలో ప్రయాణం చేసి వస్తుంది. మధురైలో ఉన్న మా అక్క ఒకప్పుడు కరిమేడు బజారులో కొనేది. అక్కడికీ అంతే, తూత్తుకుడి నుంచి సుమారు 135 కిలోమీటర్లు రావాలి. అంటే చేప మన చేతికి వచ్చేటప్పటికే దాని ఆయుష్షులో కొంత ఖర్చయిపోయి ఉంటుంది. మిగిలినది కాపాడుకోవడం మన చేతిలో ఉంది.

మా ఇంట్లో జరిగింది

2012 సంగతి. ఆ ఏడు కరెంటు కోత ఎవరూ మరచిపోలేదు. రోజులో సగం కరెంటు ఉండేది కాదు. మిల్లులు ఆగిపోయేవి, ఇంట్లో ఫ్రిజ్ కూడా ఆగిపోయేది. ఒక ఆదివారం మధ్యాహ్నం బజారు మూసే వేళకు ఉక్కడం వెళ్ళాను. అయిల చేప, అదే ఆంధ్రా వైపు కానాగంత అంటారు, చవగ్గా ఇచ్చాడు. రెండు కిలోలు ప్లాస్టిక్ కవరులో వేయించుకున్నాను. ఐసు అడగలేదు. వచ్చే దారిలో ఒక స్నేహితుడింట్లో బోనసు మాటలు పడ్డాయి. టీ తాగాం, మళ్ళీ మాటలు. సైకిలుకు తగిలించిన కవరు ఎండలోనే ఉంది. ఇల్లు చేరేసరికి మూడు గంటలు దాటింది.

ఆ రాత్రి మాకు పెళ్ళి భోజనం. అందుకని కోడలు సాయంత్రమే పులుసు కాచి, చల్లార్చి, ఫ్రీజర్లో పెట్టింది. మంగళవారం తీసి కాచి వడ్డించింది. మా వాడు రెండో షిఫ్టుకు పోబోతూ తిన్నాడు. మూడేళ్ళ మనవరాలికి తన కంచంలోంచే రెండు ముద్దలు పెట్టాడు. అరగంట కాలేదు. వాడి మొహం కుంకుమ పూసినట్టు ఎర్రబడింది. తల పగిలిపోతోందన్నాడు. బిడ్డ మెడ, చేతులు దద్దుర్లెక్కి గీరుకుంటూ ఏడుపు.

నేనేం చేశానో దాచుకోను. ఆటో పిలుస్తూనే కోడలి మీద అరిచాను. "కరెంటు లేని ఫ్రిజ్‌లో పెట్టిన కూర బిడ్డకు పెడతావా, సరిగ్గా కాచావా అసలు?" అని వీధి వీధంతా వినేలా అన్నాను. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరమ్మ ఇంజెక్షను వేసి, పడుకోబెట్టి, నన్ను అడిగింది. ఏం చేప? ఎప్పుడు కొన్నారు? ఇంటికి రావడానికి ఎంతసేపు పట్టింది? ఐసు పెట్టారా? వండడం గురించి ఆమె చివర్లో అడిగింది. అప్పుడు అర్థమయ్యేలా చెప్పింది. అయిల, మత్తి, సూర లాంటి చేపలు ఐసు లేకుండా వేడికి ఉంటే, వాటిలో క్రిములు పెరిగి హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అది ఒకసారి తయారైతే ఎంత ఉడికించినా పోదు. ఫ్రీజర్లో ఎన్నాళ్ళు పెట్టినా పోదు. వాసనకు, చూపుకు చేప బాగానే ఉండొచ్చు.

మిల్లులో పనిచేసినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. మిక్సింగులో చెడ్డ పత్తి పడితే రింగు ఫ్రేము దగ్గర ఎంత గొప్ప పనివాడు నిలబడినా మంచి నూలు రాదు. చెడింది కోడలి పొయ్యి మీద కాదు, నా సైకిలు మీద.

సాయంత్రానికి ఇద్దరూ తేరుకున్నారు. ఉబ్బసం ఉన్నవాళ్ళకైతే ఇదే ప్రాణం మీదికి రావొచ్చట. ఇంటికొచ్చి కోడలితో, "అమ్మా, తప్పు నాది. వీధిలో అన్నాను కాబట్టి వీధిలోనే చెబుతాను" అన్నాను. చెప్పాను కూడా. ఆ పిల్ల, "సరే మామా, ఇకమీద ఐసు పెట్టించుకుని రండి" అంది. అంతే.

కొనేటప్పుడు

ఆనాటి నుంచి నా పద్ధతి ఇది. పాత టిఫిను డబ్బా పెద్దది ఒకటి తీసుకుని పోతాను. చేపలవాణ్ణి ఐసు అడిగి వేయించుకుంటాను. కిలో చేపకు కిలో ఐసు అని లెక్క. దారిలో ఎక్కడా ఆగను. బోనసు మాటలుంటే ఇంటికి వచ్చి మాట్లాడమంటాను. ఏటి చేప, డ్యాము చేప అయినా ఇదే పద్ధతి. వాటికి హిస్టమిన్ భయం తక్కువే కానీ కుళ్ళడం ఏ చేపకైనా ఒకటే.

వండాక చల్లార్చేటప్పుడు

చింతపండు పులుసు రెండోనాటికి రుచి పెరుగుతుందని మనందరికీ తెలుసు. మా అమ్మ మట్టి చట్టిలో రాత్రంతా బయటే ఉంచేది, పొద్దున చద్దన్నంలో వేసేది. పులుపు క్రిములను కొంత అడ్డుకునే మాట నిజమే. కానీ పూర్తిగా ఆపదు. ఆనాడు వండింది ఆ పూటకే సరిపోయేది, మిగిలేదే గరిటెడు. ఈనాడు మనం వారానికి సరిపడా వండుతున్నాం. కాబట్టి ఆ లెక్క దీనికి చెల్లదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క సులువు. వండిన వంట బయట 2 గంటలకు మించి ఉండకూడదు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో క్రిములు బాగా పెరుగుతాయి. ఆ మధ్య దశను తొందరగా దాటించాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో గంటలోపే లోపల పెట్టడం మేలు.

మట్టి చట్టి వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. వండడానికి మంచిది, చల్లార్చడానికి పనికిరాదు. వండగానే వారానికని తీసేది వెడల్పాటి ఎవర్‌సిల్వర్ పళ్ళేల్లోకి పలచగా మార్చండి. ఆ పళ్ళేలను చన్నీళ్ళు పోసిన పెద్ద తట్టలో ఉంచితే అరగంటలో చల్లబడుతుంది. అల్యూమినియం గిన్నెలో పులుసు నిలవ ఉంచొద్దు, పులుపుకు లోహం తిని కూరలోకి దిగుతుంది.

ఫ్రీజర్లో పెట్టేటప్పుడు

ఒక పూటకు ఎంత కావాలో అంతే ఒక డబ్బాలో పెట్టండి. నలుగురున్న ఇంటికి నాలుగు ముక్కలు, వాటికి తగిన పులుసు. ముక్క పైకి తేలకుండా పులుసులో మునిగి ఉండాలి. గాలి తగిలిన ముక్క ఎండి, నూనె చెడిన వాసన వస్తుంది. డబ్బా నిండా పోయొద్దు. గడ్డ కట్టేటప్పుడు పులుసు ఉబ్బుతుంది, వేలెడు చోటు వదలండి. మీద తేదీ రాసి అంటించండి. మా కోడలు కేలెండరులో ఆనాటి కాగితాన్నే చింపి టేపుతో అంటిస్తుంది. రాత పని లేదు.

కొబ్బరిపాలు పోసేవాళ్ళు, పాలు పోయకముందే తీసి ఫ్రీజర్లో పెట్టండి. కాచేటప్పుడు పోసుకోండి. లేకపోతే విరిగినట్టు అవుతుంది.

మంచి ఫ్రీజరు −18 డిగ్రీలు ఉండాలంటారు. అక్కడ వండిన చేప రెండు మూడు నెలలు నిలుస్తుంది. కానీ మన ఇళ్ళల్లో ఎక్కువ ఒంటి తలుపు ఫ్రిజ్‌లే. వాటి పై అర అంత చల్లబడదు. నా మాట వింటే మూడు నాలుగు వారాల్లోపే తినేయండి. కింది అరల్లో పెట్టిన పులుసైతే మూడు రోజులు చాలు. ఆదివారం వండింది బుధవారానికి ముగించాలి.

ఒకటి గుర్తుంచుకోండి. ఫ్రీజరు క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. బయటికి తీస్తే మళ్ళీ లేస్తాయి.

కరెంటు పోతే

తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్‌లో 4 గంటల దాకా చలి నిలుస్తుంది. ఊరికి వెళ్ళి వచ్చేలోపు కరెంటు పోయిందో లేదో తెలియాలంటే ఒక ఉపాయం ఉంది. చిన్న గ్లాసులో నీళ్ళు గడ్డ కట్టించి, మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్లోనే ఉంచండి. వచ్చి చూసేటప్పటికి బిళ్ళ పైనే ఉంటే మంచిదే. అడుగుకు పోయి గడ్డ కట్టి ఉంటే, మధ్యలో అంతా కరిగి మళ్ళీ గట్టిపడిందని అర్థం. ఆ పులుసు పారబోయండి. రెండొందల రూపాయల చేప అని మనసు ఒప్పదు. ఆసుపత్రి చీటీ అంతకంటే పెద్దది.

తీసి కాచేటప్పుడు

రేపటికి కావాలంటే ఈ రాత్రే డబ్బాను కింది అరలోకి దించండి. వంటింటి గట్టు మీద పొద్దంతా కరగనివ్వొద్దు. పైన కరిగి వెచ్చబడుతుంది, లోపల గడ్డగానే ఉంటుంది. మరచిపోతే గడ్డనే గిన్నెలో వేసి, అర గ్లాసు నీళ్ళు పోసి, మూత పెట్టి సన్న సెగ మీద కరిగించండి. తర్వాత సెగ పెంచి, అంచున మాత్రమే కాదు, నడుమ కూడా కుతకుత ఉడకాలి. లోపల ముక్క 70 డిగ్రీలు దాటాలన్నది లెక్క. మన దగ్గర కొలిచే సాధనం లేదు కాబట్టి నడుమ ఉడుకే గుర్తు.

గరిటె పెట్టి కలిపితే ముక్క చిదిగిపోతుంది. చేప కండ మేక మాంసంలా గట్టిది కాదు, గడ్డ కట్టి కరిగితే ఇంకా మెత్తబడుతుంది. గిన్నెను గుడ్డతో పట్టుకుని రెండు వైపులా ఊపండి. చివర్లో కరివేపాకు, కాస్త వెల్లుల్లి తాలింపు వేస్తే కొత్తగా వండినట్టే ఉంటుంది.

వేపుడు ముక్కలు ఫ్రీజర్లో పెడితే కరకర పోతుంది. మళ్ళీ నూనెలో వేస్తే కట్టెలా అవుతాయి. వేపుడుకైతే పచ్చి ముక్కకే కారం పట్టించి ఫ్రీజర్లో పెట్టుకుని, తినే రోజు వేపుకోవడం మంచిది. మిగిలిపోయిన వేపుడు ముక్క ఉంటే ముళ్ళు తీసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో పొడిమాసు చేసేయండి. మా మనవరాలికి వేపుడు కంటే అదే ఇష్టం.

ఒకసారి కాచింది ఆ పూటకే. మిగిలిందని మళ్ళీ ఫ్రీజర్లోకి తోయొద్దు. అందుకే ఒక పూట డబ్బా అన్నాను. కాచి డ్యూటీకి క్యారియరులో పంపేవాళ్ళు, అది రెండు గంటల్లోపు తినేదైతేనే పంపండి. రాత్రి షిఫ్టులో ఒంటి గంటకు తినేవాళ్ళకు చేప వద్దు. పప్పో, చింతకాయ పచ్చడో కట్టండి.

మగవాళ్ళకు ఒక మాట. ఇంట్లో ఎవరికైనా కడుపు చెడితే మొదట పొయ్యి దగ్గర నిలబడిన మనిషిని అనేస్తాం. నేనూ అన్నాను. చేప ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతసేపు ఎండలో ఉంది, ఎవరు తెచ్చారు అని ముందు అడుగుదాం.

ఈ ఆదివారం ఉక్కడంలో నేను కనబడితే పలకరించండి. డబ్బాలో ఐసు ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు నిలబడను, తప్పుగా అనుకోకండి.