డయాలసిస్ వాళ్లకు కొలెస్ట్రాల్ నార్మల్ వస్తే చాలా?

సోలాపూర్‌లో మా అన్న ముప్పై ఏండ్లు టవల్ కార్ఖానాలో సాంచా నడిపాడు. షుగర్‌తో కిడ్నీలు పోయాయి. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్, తోడు నేను. మొన్న రిపోర్టులో కొలెస్ట్రాల్ నార్మల్ అని చూసి "ఇగ గుండెకేం భయం లేదురా తమ్మీ" అన్నాడు. అక్కడ చాలామంది ఇదే అనుకుంటారు. వదినైతే ముందునుంచే కూరలో నూనె మానేసింది. డాక్టరమ్మ మాత్రం "నూనె కన్నా ముందు నీళ్లు చూడమ్మా" అంది.

కిడ్నీలు పోయినవాళ్ల రక్తంలో కొవ్వు లెక్కే వేరు. చెడ్డదనే ఎల్‌డీఎల్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచిదైన హెచ్‌డీఎల్ తగ్గుతుంది. కొలెస్ట్రాల్ మరీ పడిపోతే సంతోషపడొద్దు, తిండి సరిపోక చిక్కిపోయినా అట్లా పడిపోతుంది.

మరి కొలెస్ట్రాల్ గోలీ? జర్మనీలో షుగర్ ఉన్న 1255 మంది డయాలసిస్ రోగుల్లో కొందరికి అటోర్వాస్టాటిన్, కొందరికి మందులేని ఉత్త గోలీ ఇచ్చి చూశారు. 2005లో ఫలితం వచ్చింది. కొలెస్ట్రాల్ బాగానే దిగింది, గుండె జబ్బు చావులు, గుండెపోట్లు, పక్షవాతం కలిపి చూస్తే చెప్పుకోదగ్గంత తగ్గలేదు. 2009లో 2776 మందికి రోసువాస్టాటిన్‌తో చేసిన పరీక్షలోనూ అంతే. అందుకే డయాలసిస్ మొదలయ్యాక ఈ గోలీని సాధారణంగా కొత్తగా మొదలుపెట్టరు. ముందునుంచీ వేసుకునేవాళ్లను ఆపమనరు. పక్క మంచం ఆయన వేసుకోడంలేదని మనం మానేయొద్దు.

వీళ్ల గుండెను దెబ్బతీసేవి వేరే ఉన్నాయి. ఒంట్లో నిలిచిన నీరు గుండెను అలసగొడుతుంది. ఫాస్ఫరస్ పెరిగితే రక్తనాళాల్లో సున్నం పేరుకుని గట్టిపడతాయి. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. శని, ఆదివారాల పెద్ద గ్యాప్ తర్వాతి రోజే ప్రమాదం ఎక్కువ. మనవాళ్లు చుట్టాలింటికి పోయేదీ, పచ్చడి, పాపడ్ లాగించేదీ ఆదివారమే మరి! ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్లు.

ఇప్పుడు అన్న రోజూ పొద్దున బరువు చూసుకుంటాడు. రెండు డయాలసిస్‌ల మధ్య రెండు కిలోలు దాటొద్దని ఆయనకు చెప్పారు, మీవాళ్ల లెక్క మీ డాక్టర్నే అడగండి. కొబ్బరినీళ్లు, అరటిపండు బంద్. వదిన కూరగాయలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తుంది. డాక్టరమ్మ చెప్పినట్టు కోడిగుడ్డు తెల్లసొన పెడుతుంది, కొంచెం నూనె కూడా వేస్తుంది.

ఆయాసం, గుండెదడ, కాళ్లుచేతులు ఒక్కసారిగా చచ్చుబడ్డట్టు అనిపిస్తే సోమవారం దాకా ఆగొద్దు. ఆ రాత్రే రిక్షా పిలవండి.