మడత కెమెరా: జేబులో ఇమిడిన చీకటి గది

ఛాయాచిత్రణం సామాన్య కుటుంబాల ముంగిటికి చేరడంలో మడత కెమెరా పాత్ర గణనీయమైనది. గురుగ్రామ్‌లోని చక్కర్‌పూర్‌లో 2019లో ప్రారంభమైన మ్యూజియో కెమెరా ప్రదర్శనశాలలో, ప్రముఖ ఛాయాగ్రాహకుడు ఆదిత్య ఆర్య సేకరించిన పాత కెమెరాలను చూచినచో ఈ పరిణామక్రమం చక్కగా అవగతమవుతుంది.

కెమెరా అనగా మూలార్థంలో గది. కటకానికి, ఫిల్ముకు నడుమ నిర్ణీతమైన దూరం, ఆ దూరమంతటా చీకటి ఉండితీరాలి. అటువంటి గదిని జేబులో ఇమిడ్చినది హార్మోనియం తిత్తివలె మడతలుపడే తోలుతిత్తి. ముందు పలకను లాగగానే అది విచ్చుకొంటుంది. పని ముగిసిన పిదప ముడుచుకొంటుంది. 1912లో వెలువడిన కొడాక్ వెస్ట్ పాకెట్ కెమెరా మూసినపుడు సుమారు ఒక అంగుళం మందమే. మొదటి ప్రపంచయుద్ధంలో ఎందరో సైనికులు దానిని వెంట ఉంచుకొన్నారు. 1915లో వచ్చిన ఆటోగ్రాఫిక్ నమూనాలో, వెనుకనున్న చిన్న తలుపు తెరచి లోహపు పుల్లతో తేదీని, ఊరి పేరును ఫిల్ముపైనే వ్రాసే సదుపాయం కూడ ఉండేది.

తరువాతి కాలపు ఆగ్ఫా ఐసొలెట్ 120 రకం ఫిల్ముపై 6×6 సెం.మీ. చిత్రాలు పన్నెండు తీసేది. వెనుకనున్న ఎర్రని కిటికీలో అంకె చూచుకొంటూ ఫిల్మును త్రిప్పాలి. మన దేశంలో ఫిల్ముల తయారీకై 1960లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ ఊటీ కర్మాగారంనుండి ‘ఇందు’ పేరిట ఫిల్ములను అందించింది. ఆ కర్మాగారం తరువాత మూతపడినది.

1924 జూన్ 8న ఎవరెస్టుపై అదృశ్యులైన మలరీ, ఇర్విన్‌ల వద్ద ఒక వెస్ట్ పాకెట్ కొడాక్ ఉండినదని చెబుతారు. 1999లో మలరీ దేహం లభించినది గాని కెమెరా లభించలేదు. వారు శిఖరాన్ని చేరిరా లేదా అన్న ప్రశ్నకు ఆ ఫిల్ము సమాధానమీయగలదని పర్వతారోహకుల ఆశ.

అటువంటి ఆశకు మన ఇండ్లలోనూ చోటున్నది. తాతగారి పెట్టెలో మడత కెమెరా కనిపించినచో వెంటనే వెనుక తలుపు తెరవరాదు. ముందుగా ఎర్రని కిటికీలోనికి చూడాలి. అంకె కనిపించినచో లోపల ఫిల్ము ఉన్నదన్నమాట. వెలుతురు సోకిన క్షణాన దానిపైని చిత్రాలు నశిస్తాయి. మీటను నెమ్మదిగా త్రిప్పి, ఫిల్మును చివరివరకు చుట్టిన పిదపనే బయటికి తీసి, నలుపు తెలుపు ఫిల్ములను శుద్ధిచేసే అనుభవజ్ఞులకు అప్పగించాలి. దశాబ్దాల తరువాత కూడ చిత్రాలు మసకగానైనా వెలికివచ్చే అవకాశమున్నది.

ఫిల్ము లేదని నిర్ధారించుకొన్న పిమ్మట చీకటిలో తిత్తిలోపల టార్చిలైటు వెలిగించి చూడాలి. మడతల మూలలలో వెలుగుచుక్కలు కనబడితే అక్కడ తోలు చిల్లులుపడినట్లే. వాటిని పూడ్పించినచో ఆ కెమెరా మరల చిత్రాలు తీయగలదు.